మాణిక్యం వదిన మొండి కణాలు

ఊరి దినం 4118

పొద్దున్నే జల్లెడ కడిగాను. ఈ పుస్తకంలో జల్లెడ అని రాయకూడదనీ, కణాలు వేరుచేసే యంత్రం అని రాయాలనీ డాక్టర్ సత్యవేదం గారు మూడేళ్లుగా చెబుతున్నారు. నేను మూడేళ్లుగా జల్లెడ అనే రాస్తున్నాను. గొట్టాలు మూడుసార్లు కడగాలి, లేజర్ వేడెక్కేదాకా కూర్చోవాలి, ఆ తర్వాత కంటికి ఆనని సన్న పూసల్ని దాని ముందు నుంచి దూకించి వెలుగు తిన్నగా తగులుతోందో లేదో చూడాలి. ఇవాళ తిన్నగానే తగిలింది. గదిలో పదిహేడు డిగ్రీలు, నడవాలో నాలుగు. బయట సంగతి రాయక్కర్లేదు. ఈ ఎర్ర గ్రహం మీద బయట ఎప్పుడూ ఒకటే సంగతి.

నా రొండిన పెరుగు తోడు డబ్బా ఉంది. పక్కింటావిడకు ఇవ్వడానికి తెచ్చాను. మా ఊళ్లో ప్రాణమున్నదాన్ని దేన్నైనా నడవాలోంచి తీసుకెళ్లాలంటే ఒంటికి ఆనించుకునే తీసుకెళ్తాం. ఊరు పెట్టిన మొదటి ఏడాది మూడు రోజులు వేడి యంత్రాలు ఆగిపోయాయట. ఆ మూడు రోజుల తర్వాత ఊళ్లో మిగిలిన ప్రాణాలన్నీ ఎవరో ఒకరి ఒళ్లో మిగిలినవే: కోడిపిల్లలు, నారు, తోడు, ఒక నెల బిడ్డ. దాన్ని ఒడిమోత అంటాం. పిల్లలకు అక్షరాల కంటే ముందు అదే వస్తుంది.

ఇవాళ మధ్యాహ్నం మాణిక్యం వదిన వచ్చింది. మా ఆయనకు అక్క. పదేళ్లుగా మట్టిరేవులో పని. ఇక్కడి మట్టిలో ఒక ఘాటు ఉప్పు ఉంటుంది. దాన్ని కడిగి తీసేస్తేనే బెండో బచ్చలో మొలుస్తుంది. పోయిన నెల కడుగునీళ్ల గొట్టం పగిలి వదిన ముఖాన కొట్టింది. ఎడమ కంటి మీద తెల్లటి పొర కమ్మేసింది. కుడి కంటికి అంచున ఒక పక్క మాత్రమే బాగుంది, మిగతాది రోజురోజుకీ మసకబారుతోంది.

నల్లగుడ్డు చుట్టూ ఉండే ఆ సన్నటి అంచులోనే మూలకణాలు కాపురం ఉంటాయి. కంటి పైపొర అరిగినప్పుడల్లా కొత్తది అల్లేవి అవే. బాగున్న పక్క నుంచి బియ్యపు గింజంత ముక్క తీసి, అందులో మూలకణాల్ని ఏరి, పలచటి పొరలా పెంచి ఎడమ కంటికి వేస్తారు. అది కుదిరితే వదినకు ఒక కన్నయినా వస్తుంది. కుదరకపోతే రెండోసారి ముక్క తీయడానికి చోటు లేదు.

"ఇన్ని వేల కణాల్లో అవేవో నీకెలా తెలుస్తుందే?" అంది వదిన, నా స్టూలు లాక్కుని కూర్చుంటూ.

"రంగు పోస్తాం వదినా. మామూలు కణాలు తాగేసి నీలంగా వెలుగుతాయి. మూలకణాలు తాగినట్టే తాగి బయటికి ఉమ్మేస్తాయి. లేజర్ ముందు అవి చీకటిగా ఉండిపోతాయి. ఆ చీకటివాటిని నేను పక్కకి ఏరతాను."

"అంటే పెట్టింది తినని మొండివాళ్లని వెతుకుతావన్నమాట."

"అంతే."

"అయితే నా కంట్లో కావలసినన్ని ఉంటాయిలే. మీ ఆయన్ని అడుగు."

ఊరి దినం 4121

ఇది రాయడానికి మనసొప్పడం లేదు కానీ పుస్తకం అబద్ధం ఆడకూడదు.

ప్రతి రోగి ముక్కలోంచీ అయిదో వంతు కణాల్ని విడిగా తీసి, వాటికి రంగుతోపాటు అడ్డుమందు కూడా వేస్తాం. అడ్డుమందు పడ్డాక మూలకణాలు రంగును ఉమ్మలేవు, అన్నిటితోపాటు అవీ నీలంగా అయిపోతాయి. మామూలుగా తెరమీద కింద ఎడమ మూలన ఒక సన్నటి తోకలా కనిపించే చీకటి చుక్కలు ఆ అయిదో వంతులో మాయమైపోతాయి. ఎక్కడ మాయమయ్యాయో చూసి, అక్కడ గీత గీసి, మిగతా నాలుగు వంతుల్లో ఆ గీత లోపలివాటినే ఏరతాను. అయిదో వంతును పారబోస్తాం. అందులోని మూలకణాలు ఎవరికీ పనికిరావు.

డాక్టర్ గారు అడిగారు. "చాలా చిన్న ముక్క హైమావతి గారూ. అయిదో వంతు తీయమంటారా, మానేద్దామా? యంత్రం మీది, మీరు చెప్పండి."

మానేద్దాం అన్నాను. మూడేళ్లలో మూడొందల కళ్లు చూశాను, ఆ గీత ఎక్కడ పడుతుందో నిద్రలో లేపినా గీయగలను అన్నాను. గొప్ప చెప్పుకోవడానికి అన్న మాట కాదది. వదిన కంట్లోంచి వచ్చినదాన్ని నా చేత్తో తూములో పోయలేననిపించింది. అసలు కారణం అదే.

ఊరి దినం 4124

నిన్న ముక్క తీశారు. కుడి కంటికి కట్టు కట్టారు, ఎడమది ఎలాగూ చూడదు కాబట్టి వదిన ఇవాళ పూర్తి చీకట్లో ఉంది. పడుకోమంటే వినలేదు. "నా పిల్లల్ని బడికి పంపుతూ నన్ను గుమ్మంలో ఆపుతావా" అని, ఆ కణాలే తన పిల్లలన్నట్టు, నా భుజం పట్టుకుని బయల్దేరింది.

కణాలకు డాక్టర్ గారి వైపున ఉన్న వేడినీళ్ల తొట్టిలో గంటన్నరసేపు రంగు పట్టించాం, ఒంటి వేడికి సరిగ్గా సమానంగా. తర్వాత వెంటనే ట్యూబును మంచుపెట్టెలో పెట్టాం. చల్లబడితే కణాలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. తాగినవి తాగినట్టు, ఉమ్మినవి ఉమ్మినట్టు ఉంటాయి. జల్లెడ ఊరికి అవతలి కొసన, రాతి గదిలో ఉంది. నడిచి వెళ్తే పది నిమిషాలు.

మూడో తలుపు దగ్గర ఎర్ర దీపం వెలిగింది. గాలి ఎక్కడో కారుతోందని పరీక్ష చేస్తున్నారు. వదినను బల్ల మీద కూర్చోబెట్టి, పెట్టె ఆవిడ ఒళ్లో పెట్టి, గోడ ఫోను దగ్గర తలుపుల డ్యూటీవాడితో పోట్లాడుతూ నిలబడ్డాను. అతను నాకంటే ఓపికమంతుడు. నలభై నిమిషాల తర్వాత తలుపు తెరిచాడు. పెట్టె తీసుకుని వచ్చేశాను.

తెర చూసి మొదట సంతోషపడ్డాను. మామూలుగా వెంట్రుకంత ఉండే తోక ఇవాళ జడంత ఉంది. నూటికి ఒకటి కూడా ఉండని చీకటి కణాలు నూటికి ముప్ఫయ్యొకటి. వదిన మొండితనం నాకు తెలిసిందే కాబట్టి ఒక్క నిమిషం నమ్మేశాను కూడా. ఫోనులో డాక్టర్ గారు దేవుడికి స్తోత్రం చెప్పారు. అప్పుడు నీలం కణాల వంక చూశాను. అవి కూడా పదిసార్లు ఉతికిన బట్టలా వెలిసిపోయి ఉన్నాయి.

"వదినా, పెట్టె తెరిచావా?"

"తెరిచాను."

"ఎందుకు?"

"మూత ముట్టుకుంటేనే వేళ్లు కొరికేస్తోంది. నా ఒంట్లోంచి తీసినవి కదా, అంత చలిలో ఎలా ఉంటాయే? తీసి రొండిన దోపుకున్నాను. నువ్వు తిడతావని నువ్వొచ్చేలోపు మళ్లీ పెట్టేశాను."

"మంచులో ఎందుకు పెడతామో చెప్పాను కదా."

"చెప్పావు. మంచులో మనం పెట్టేది ఎవర్ని? పోయినవాళ్లని. ఇవి బతికే ఉన్నాయని నువ్వే అన్నావు."

నాకు చాలా కోపం వచ్చింది. ఆవిడ కట్టు కట్టిన ముఖం చూశాక ఆ కోపం నిలబడలేదు, భయం మిగిలింది. నలభై నిమిషాల వెచ్చదనంలో అన్ని కణాలూ రంగు వదులుకుంటూ పోయాయి. ఇప్పుడు తెర మీది చీకట్లో మూలకణాలు ఏవో, రంగు కారిపోయిన మామూలు కణాలు ఏవో తెలియదు. పోల్చి చూద్దామంటే అడ్డుమందు వేసిన అయిదో వంతు లేదు. దాన్ని వద్దన్నది నేనే.

డాక్టర్ గారు పరుగున వచ్చారు. ఆయన మంచివారు, ఎవర్నీ ఏమీ అనలేదు. చీకటిగా ఉన్నవాటినన్నిటినీ ఏరేద్దామన్నారు. అసలువి కూడా అందులోనే ఉంటాయి కదా అని. ఉంటాయి, నిజమే. కానీ మామూలు కణాలు తొందరగా పెరిగి చోటంతా ఆక్రమిస్తాయి. పొర రెండు నెలలు చూడముచ్చటగా ఉంటుంది, ఆ తర్వాత అల్లేవాళ్లు లేక మళ్లీ తెల్లబడిపోతుంది.

ఇంకో దారి, మళ్లీ మొదటి నుంచి రంగు పట్టించడం. రెండోసారి రంగు తగిలితే కొన్ని చచ్చిపోతాయి. ఇంత గందరగోళం అయ్యాక నా మూడేళ్ల అనుభవంతో గీత గీయలేను. అయిదో వంతు తీయాల్సిందే. అంటే మిగిలినవాటిలోంచి కూడా కొన్ని తూములోకి పోతాయి.

కన్ను వదినది. అందుకని ఏమీ దాచకుండా మొత్తం చెప్పాను.

"ఆ అయిదో వంతు అందరికీ తీస్తావా?" అంది వదిన.

"తీస్తాను."

"నాకెందుకు తీయలేదు?"

"నువ్వు కాబట్టి."

వదిన తల ఊపింది. "మా రేవులో కడిగిన ప్రతి తొట్టి నుంచీ బొచ్చెడు మట్టి పరీక్షకి తీసి పారేస్తాం. పంట తక్కువైన ఏడాది నీకు గుర్తుండే ఉంటుంది. మన ఊరి పొలమే కదా, బొచ్చెడైనా మిగులుతుందని మన తొట్లకి పరీక్ష మానేశాం. అవతలి ఊరికి పంపేదానికి మాత్రం చేశాం, వాళ్లు పరాయివాళ్లు, మాట వస్తుందని. ఆ ఏడు వాళ్ల బచ్చలి ఏపుగా పెరిగింది. మనది మొలకల్లోనే మాడిపోయింది."

కంటి కట్టు సర్దుకుని నా గొంతు వినిపించిన వైపు తిరిగింది.

"హైమా, ఈ పూటకి నన్ను పరాయిదానిలా చూడు," అంది వదిన. తర్వాత కొంచెం చిన్న గొంతుతో, "నేను కూడా వాటిని పరాయివాటిలా చూడలేకపోయానులే," అంది.

మళ్లీ తొట్టి దగ్గరికి వెళ్లాం. రెండు ట్యూబులు, చిన్నదానిలో అడ్డుమందు. గంటన్నరసేపు వదిన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు పెట్టె తనే మోస్తానంది. నేను సందేహించిన సంగతి నా భుజం మీదున్న చేతికి తెలిసిపోయింది. "ఇటు ఇవ్వవే" అని గదిమింది. ఇచ్చాను. నడవా పొడవునా ఒక చెయ్యి నా భుజం మీద, రెండో చేత్తో పెట్టె గుండెకి అదుముకుని నడిచింది. మూత తెరవలేదు. "ఇంకాసేపే, ఇంకాసేపు ఓర్చుకోండి" అని పెట్టెతో చెబుతూనే ఉంది. గదికి చేరేసరికి ఆవిడ వేళ్లు నీలంగా ఉన్నాయి.

ముందు చిన్న ట్యూబు దూకించాను. తోక లేదు. మూల అంతా ఖాళీ. ఆ ఖాళీ చుట్టూ గీత గీశాను. అడ్డుమందు అవసరం లేదంటూ, నిద్రలో లేపినా గీయగలనన్న చోట గీసి ఉంటే, ఆ గీత చాలా పైన పడి మామూలు కణాలు కూడా లోపలికి వచ్చేసి ఉండేవి. అది కూడా ఇక్కడ రాస్తున్నాను.

తర్వాత పెద్ద ట్యూబు. చచ్చిన కణాలకు పట్టే ఎర్ర రంగు కూడా వేశాను. ఎరుపు ఎక్కువగానే కనిపించింది. నీలం మేఘం కింద, ఎడమ మూలన, మళ్లీ ఆ వెంట్రుకంత తోక. చీకటి కణం వచ్చినప్పుడల్లా దాన్ని మోసుకొస్తున్న నీటి బొట్టును జల్లెడ పక్కకి లాగి గిన్నెలోకి వదులుతుంది. దానికి చప్పుడు ఉండదు. వదిన కోసం నేనే లెక్క పైకి చదివాను.

మొత్తం నూట డెబ్బయి మూడు. రెండొందలైనా రావాలని డాక్టర్ గారు అనుకున్నారు. ఇంతవరకు మా దగ్గర నూట యాభైకి తక్కువతో ఎవరికీ కన్ను రాలేదు.

"డెబ్బయి మూడు మంది చిన్నవాళ్లూ, వంద మంది పెద్దవాళ్లూ అనుకో," అంది వదిన. ఆ లెక్కేమిటో నాకు అర్థం కాలేదు కానీ నవ్వొచ్చింది.

ఊరి దినం 4125

నిన్నటిది నడవాలో జాప్యం అని రాస్తే చాలన్నారు డాక్టర్ గారు, మా ఇద్దరి మీదా దయతో. వదిన ఒప్పుకోలేదు. జరిగింది జరిగినట్టు రాయమంది, తన పూర్తి పేరుతో. రాస్తున్నాను: ట్యూబును వెచ్చబెట్టినది తాటికొండ మాణిక్యాంబ. అయిదో వంతు మానేసినది ఈ పుస్తకం రాస్తున్న హైమావతి. ఇద్దరం ప్రేమకొద్దీ చేశాం. ఇకమీదట పెట్టె మోసేవాళ్లకు, ఇది నిద్ర, చావు కాదు అని ముందే నచ్చజెప్పాలి.

ఊరి దినం 4138

గిన్నెలో పదకొండు చోట్ల కణాలు గుంపుకట్టాయి. మిగతావి నిలవలేదు. పదకొండు సరిపోతాయా అని వదిన, సరిపోతాయి అని నేను. నాకు నిజంగా తెలియదు. ఆవిడ కుడి కన్ను ఇప్పుడు దీపం ఉందో లేదో మాత్రమే చెబుతోంది. ఇంట్లో అన్నం గిన్నె ఎక్కడుందో వెతుక్కుంటూ, నేను చూస్తున్నానని తెలిసి, "ఏంటే, నీకు పనేం లేదా" అంటుంది.

ఊరి దినం 4147

పదకొండూ పెరిగి ఒకదాన్నొకటి కలుసుకున్నాయి. పొర ఉల్లిపొర కంటే పలచగా, నీళ్లలా ఉంది. ఇవాళ ఎడమ కంటికి వేశారు. నేను గది బయట కూర్చుని పూసల సీసాలు కడిగాను. కడిగినవే మళ్లీ కడిగాను.

ఊరి దినం 4156

కట్టు విప్పారు. వెలుగు తెలుస్తోంది, ఇంకేమీ లేదు. డాక్టర్ గారు ఓపిక పట్టమన్నారు. ఇంటికొచ్చాక వదిన నన్ను ఓదార్చింది. ఆ పని నేను చేయాలనుకుని వెళ్లాను, సిగ్గేసింది.

ఊరి దినం 4171

నా వేళ్లు ఎన్నో చెప్పింది. మూడు. మళ్లీ అడిగాను, మూడే. మూడోసారి అడిగితే వేళ్లు విరిచేస్తానంది.

ఊరి దినం 4229

పొర వేసి రెండు నెలలు దాటి ఇరవై రోజులైంది. దొంగ పొర అయితే ఈపాటికి తెల్లబడేది. తెల్లబడలేదు.

ఇవాళ వదిన నడవాలోంచి ఒక్కతే నడిచి వచ్చింది, గోడ పట్టుకోకుండా. నేను అవతలి ఊరివాడెవరిదో ముక్క దూకిస్తున్నాను. చప్పుడు చేయకుండా వెనకాల నిలబడింది. ఇన్నేళ్లలో ఆవిడ ఈ తెర చూడటం ఇదే మొదలు.

"నీలం," అంది. "ఇది ఎరుపు, చచ్చినవి కదూ. ఆ మూల చీకటివి వీడి మొండివాళ్లా?"

"అవును."

"నావి చూపించు."

"నీవి ఇక్కడెందుకు ఉంటాయి వదినా? నీ కంట్లో ఉన్నాయి."

లేజర్ సరిచేసుకునే చిన్న అద్దం తీసి ఇచ్చాను. ముఖానికి దగ్గరగా పెట్టుకుని, రెప్ప లాగి, చాలాసేపు చూసింది.

"ఏమీ లేదే. నల్లగుడ్డు తప్ప."

"అవి కనపడవు. కనపడితే చెడిపోయినట్టు."

అద్దం దించి మళ్లీ తెర వంక చూసింది. నీలం, ఎరుపు, మళ్లీ నీలం. నా చీర అంచు చూసింది. గోడ మీది వేడి దీపం చూసింది.

"తమకంటూ చుక్క రంగు ఉంచుకోలేదు కదే," అంది. "నాకు మాత్రం అన్నీ చూపిస్తున్నాయి."

నేను తల తిప్పుకుని గొట్టం కడుగుతున్నట్టు నటించబోయి మానేశాను. ఏడుస్తున్నానని దాచి లాభం లేదు. ఆవిడకు కనిపిస్తోంది.